మొండిచేయి చూపిస్తున్నాను

ఉచిత కృత్రిమ చేతుల శిబిరాలు నిర్వహించే సేవాసంఘాల పెద్దలకు, ఆ వేదికల మీద కూర్చునే అధికారులకు,

నమస్కారం. ఒక చేత్తో పెడుతున్న నమస్కారమే, మర్యాదలో లోటేమీ లేదు.

చిత్తూరు జిల్లాలో, కాణిపాకానికి బస్సులో అరగంట దూరంలో ఉన్న ఒక పల్లెలో నేను పాల సేకరణ కేంద్రం చూసుకుంటాను. పొద్దున ఐదున్నరకు ఒకసారి, సాయంత్రం ఐదున్నరకు ఒకసారి జనం క్యాన్లతో, చెంబులతో వస్తారు. పాలు కొలవడం, వెన్న శాతం చూడడం, పుస్తకంలో ఎక్కించడం నా పని. పోయిన వారం ఒకావిడ పాలతో పాటు ఒక కరపత్రం కూడా తెచ్చి బల్ల మీద పెట్టింది. వచ్చే నెల తిరుపతిలో కృత్రిమ చేతులు ఉచితంగా అమర్చే శిబిరం. ఉదయం పది గంటలకు పేర్ల నమోదు, సాయంత్రం నాలుగింటికి ముఖ్య అతిథి చేతుల మీదుగా చేతుల పంపిణీ. ఆ వాక్యం రాసినవారికి నవ్వు రాలేదేమో గాని నాకు వచ్చింది. “నీ కోసమే దాచి తెచ్చాను” అంది ఆవిడ. నాకు కుడిచేయి మోచేతి కింద నాలుగు అంగుళాల వరకే ఉంది. పదకొండేళ్లయింది.

పేపర్లలో ‘బడ్జెట్‌లో జిల్లాకు మొండిచేయి’ అని శీర్షిక కనబడినప్పుడల్లా ఒకసారి నా చేయి చూసుకుంటాను. మొండిచేయి చూపడమంటే ఏమీ ఇవ్వకుండా పంపేయడం అని కదా మన భాషలో అర్థం. ఇప్పుడు నేను మీకు చూపిస్తున్నది ఆ అర్థంలో కాదు. దగ్గరికి వచ్చి చూడమంటున్నాను. ఏడేళ్ల క్రితం ఇలాంటి శిబిరంలోనే నాకొక చేయి ఇచ్చారు. అది ఇప్పుడు మా ఇంట్లో బీరువా మీద, చీరల దుకాణం వాళ్లిచ్చిన సంచిలో ఉంది.

చేయి ఎలా పోయిందని అందరూ అడుగుతారు కాబట్టి అది ముందే చెప్పేస్తాను. గడ్డి ముక్కలు కొట్టే మిషన్‌లో పోయింది. సూపర్ నేపియర్ మోపు లోపలికి తోస్తుంటే గాజులు చిక్కుకున్నాయి. మిషన్ కొన్నప్పుడు తొట్టి మీద ఇనుప మూత ఒకటి ఉండేది, చేయి రోలర్ల దాకా పోకుండా. గడ్డి తొందరగా పడడం లేదని మేమే ఊడదీశాం. ఇంకొకరిని అనడానికి లేదు. మా చుట్టుపక్కల ఇలాంటివాళ్లం తక్కువేమీ కాదు. చెరకు గానుగలో చేయి పెట్టినవారు, మామిడికాయలు కోసే ఇనుప దోటి కరెంటు తీగకు తగిలి చేయి తీసేయించుకోవలసి వచ్చినవారు నాకే ఐదారుగురు తెలుసు.

ఇక మీ శిబిరం సంగతి. మీదే కాకపోవచ్చు, మీలాంటివారిదే.

కల్యాణ మండపంలో పెట్టారు. ఆధార్, వైకల్యం శాతం రాసిచ్చే సదరం సర్టిఫికెట్, రెండు ఫొటోలు పట్టుకుని వరుసలో నిలబడ్డాం. ఎక్కువమంది కాళ్ల కోసం వచ్చినవారు, చేతులవాళ్లం పాతికమందికి మించం. నా వంతు వచ్చినప్పుడు తెల్లకోటు వేసుకున్న అబ్బాయి మోచేతి నుంచి కొస దాకా టేపు పెట్టి కొలిచి, చీటీ మీద ‘కుడి, మోచేయి కింద’ అని రాసి పక్కకు పంపాడు. రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాల్లో అతను నా ముఖం చూడలేదు. నేను అతని ముఖమే చూస్తున్నాను కాబట్టి గట్టిగా చెప్పగలను. ఏం పని చేస్తావని అడగలేదు. చేయి లేక ఏ పని ఆగిపోయిందని అడగలేదు. ఈ నాలుగేళ్లూ ఎలా నెట్టుకొచ్చావనీ అడగలేదు.

మధ్యాహ్నం భోజనాల తర్వాత పెట్టెలు విప్పారు. అన్నీ ఒకే కొలత, మగవాళ్ల చేతులు. రంగు మా పల్లెలో ఎవరికీ లేనంత తెలుపు. పైన నా చామనఛాయ మోచేయి, దాని కింద ఎవరో పెద్ద ఆఫీసరు గారి చేయి. పట్టీలు బిగించి, ఎడమ చేత్తో వేళ్లు ఎలా తెరవాలో ఎలా మూయాలో ఒకసారి చేసి చూపించారు. శిక్షణ అంతటితో అయిపోయింది. వేదిక మీదికి పిలిచి, ఆ వేళ్ల మధ్య పెన్ను పెట్టి సంతకం చేయమన్నారు. ఒక వంకర గీత పడింది. చప్పట్లు మోగాయి. అప్పటికి నాలుగేళ్లుగా నేను ఎడమ చేత్తో పాల పుస్తకం రాస్తున్నాను. ముత్యాల్లాంటి అక్షరాలు కాకపోయినా మరమరాల్లాగైనా వస్తాయి. ఎడమ చేతికి పెన్ను ఇచ్చి ఉంటే చక్కగా సంతకం చేసేదాన్ని. మర్నాడు పేపర్లో నా ఫొటో వచ్చింది. పైన ‘చేయూత’ అని పెద్ద అక్షరాలు.

ఆ చేయి నా దగ్గర పదహారు రోజులు నిలిచింది.

ఎందుకు నిలవలేదో వివరంగా చెబుతాను, దీనికోసమే ఈ ఉత్తరం. మన సొంత చేయి మణికట్టు కింద నాలుగు వందల గ్రాముల దాకా తూగుతుంది. ఎముకకూ కండకూ అతుక్కుని ఉంటుంది కాబట్టి ఆ బరువు మనకు తెలియదు. అంతే బరువు నాలుగు అంగుళాల మొండి మీద పట్టీలతో వేలాడితే సాయంత్రానికి పాల క్యాన్ వేలాడినట్టే ఉంటుంది. ఇక ఎండ. మే నెలలో తిరుపతిలో నలభై డిగ్రీలు దాటుతుందని మీకు నేను చెప్పాలా? మొండిని దూర్చే ప్లాస్టిక్ సాకెట్ లోపల చెమట ఎటూ పోదు. లోపల వేసుకునే నూలు తొడుగు ఒక్కటే ఇచ్చారు, అది ఉతికి ఆరేసిన రోజు చేయి పెట్టుకోవడానికి లేదు. పదో రోజుకు చర్మం ఒరుసుకుపోయి పుండు పడింది.

బరువునూ చెమటనూ ఓర్చుకునేదాన్నేమో. ఓర్చుకోలేనిది ఇంకొకటి ఉంది. నా మోచేతి కింది కొసకు స్పర్శ ఉంది. పాలు గోరువెచ్చగా ఉన్నాయో చల్లారాయో దానికి తెలుసు. దూడ ముక్కు తడిగా ఉందో పొడిగా ఉందో తెలుసు. క్యాన్ మూతను దానితో నొక్కిపట్టి ఎడమ చేత్తో తిప్పుతాను. చంటిపిల్లను ఆ మడతలోనే పడుకోబెట్టి పెంచాను. మీరిచ్చిన చేయి తొడగగానే ఆ తెలివి అంతా ప్లాస్టిక్ కింద పూడిపోయింది. కొత్త చేయి వచ్చిందని మీరు చప్పట్లు కొట్టారు. నాకేమో ఉన్న కాస్త చేయి కూడా పోయినట్టయింది.

ఇది నా ఒక్కదాని పేచీ అనుకోకండి. 2007లో బిడిస్, చౌ అనే ఇద్దరు పరిశోధకులు కెనడాలో కూర్చుని, అంతకుముందు పాతికేళ్లలో ఈ విషయం మీద వచ్చిన అధ్యయనాలన్నీ పోగుచేసి చూశారు. తీగ లాగితే పనిచేసే చేతులను పిల్లల్లో సగటున 45 శాతం, పెద్దల్లో 26 శాతం వదిలేశారు. కండరాల సంకేతాలతో బ్యాటరీ మీద నడిచే ఖరీదైన చేతులను కూడా పిల్లల్లో 35 శాతం, పెద్దల్లో 23 శాతం వదిలేశారు. ఇవి ఎక్కువగా సంపన్న దేశాల లెక్కలు. మన దగ్గర ఒక రోజు శిబిరంలో చేయి ఇచ్చి పంపితే ఎందరు వాడతారో మీరే ఊహించండి. మీ కరపత్రంలో ‘ఇంతవరకు ఇన్ని వేల చేతులు పంపిణీ చేశాం’ అని ఉంది. ఆ వేలల్లో మా బీరువా మీది చేయి కూడా ఒకటి.

తప్పు మీ మనసులో లేదు, మీరు పట్టుకున్న పద్ధతిలో ఉంది. ఈ శిబిరాల పద్ధతి కాళ్ల కోసం పుట్టింది. 1968లో జైపూర్‌లో డాక్టర్ పి.కె. సేథీ, చేతిపనివాడు రామచంద్ర శర్మ కలిసి రబ్బరు పాదం తయారుచేశారు. చెప్పుల్లేకుండా పొలంలో నడవవచ్చు, గొంతుక్కూర్చోవచ్చు. కాలు లేనివాడు పొద్దున వచ్చి సాయంత్రానికి నడిచి వెళ్లిన దృశ్యం చూసి దేశం ముచ్చటపడింది, పడవలసిందే. కాలు చేయవలసిన పని ఎవరికైనా ఒకటే కదా, నిలబెట్టడం, నడిపించడం. చేయి అలా కాదు. పాలు పితికే చేతికి, జడలు వేసే చేతికి, ఇటుకలు మోసే చేతికి, బ్యాంకులో కాగితాలు తిప్పే చేతికి పోలికే లేదు. కాళ్లు ఇచ్చిన పద్ధతిలోనే చేతులూ ఇవ్వబోయారు, చిక్కు అక్కడే పడింది.

మాకు దగ్గర్లోనే బాహుదా నది ఉంది. పేరుకే నది, ఏడాదిలో చాలా రోజులు ఇసుకే. దానికి ఆ పేరు ఎలా వచ్చిందో మా వైపు చిన్నపిల్లలు కూడా చెబుతారు. శంఖుడు, లిఖితుడు అని అన్నదమ్ములు. దారిలో ఆకలికి తట్టుకోలేక లిఖితుడు రాజుగారి తోటలో మామిడిపండు కోశాడు. అన్న ఊరుకోలేదు, రాజుకు చెప్పించాడు. రాజు తమ్ముడి రెండు చేతులూ నరికించాడు. తర్వాత ఆ నదిలో మునిగి లేచేసరికి చేతులు తిరిగొచ్చాయి. బాహువులిచ్చింది కాబట్టి బాహుదా. ఒక పండుకు రెండు చేతులా అని చిన్నప్పుడు మా అవ్వతో పోట్లాడేదాన్ని. ఇప్పుడు అనిపించేది వేరు. పదింటికి నమోదు, నాలుగింటికి పంపిణీ అంటే మీరు కూడా బాహుదాలో ముంచి తీద్దామనే అనుకుంటున్నారు. ఇచ్చేసి చేతులు దులుపుకుని వెళ్లడానికి చేయి వరం కాదు, దానికి కొలత ఉంది, అలవాటు ఉంది, అరుగుదల ఉంది.

ఆ శిబిరం అయిన రెండేళ్లకు మా అత్తయ్యకు ఒంట్లో బాగోలేక వేలూరు ఆసుపత్రికి తీసుకెళ్లాను. పెద్ద జబ్బంటే మా జిల్లావాళ్లకు వేలూరే. అక్కడ ఒకామె, చేతులకు శిక్షణ ఇచ్చే ఆమె, నన్ను వరండాలో చూసి పిలిచింది. వచ్చీరాని తెలుగులో మొదట అడిగింది, “ఏం పని చేస్తారమ్మా?” అని. నాకు వెంటనే సమాధానం రాలేదు. నాలుగేళ్లూ రెండేళ్లూ కలిపి ఆరేళ్లలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె. తర్వాత, చేయలేకపోతున్న పనులన్నీ చెప్పమని కాగితం తీసుకుంది. శాంపిల్ సీసా పట్టుకోవడం, పాపకు జడ వేయడం, చీర కుచ్చిళ్లు, కూరగాయలు కోయడం, చపాతీ పిండి కలపడం, పిన్నీసు పెట్టుకోవడం. పది దాకా చెప్పాను. ఆమె కాగితం చూసి మూడు కొట్టేసింది. “వీటికి చేయి అక్కరలేదు” అంది. చెక్క పీటకు కింది నుంచి రెండు మేకులు కొట్టించి, పైకి వచ్చిన మొనలకు వంకాయ గుచ్చి కోయమంది. పిండి కలిపే గిన్నె జారకుండా కింద తడిగుడ్డ వేయమంది. మేకుల పీట ఇప్పటికీ వాడుతున్నాను. దాని ఖర్చు మా వడ్రంగికి ఒక టీ.

మిగిలిన పనుల కోసం ఆమె చూపించింది చేయి కాదు, కొక్కెం. ఇనుప కొక్కెం, రెండు వంపు వేళ్లు. చూడగానే ఏడుపు వచ్చింది, దాచుకోవడం దేనికి. ఆమె తొందరపెట్టలేదు. దాన్ని ఎవరు ఎందుకు చేశారో చెప్పింది. డోరెన్స్ అని అమెరికాలో ఒకాయన, రంపపు మిల్లులో కుడిచేయి పోయిన మనిషి, 1912లో దానికి పేటెంటు తీసుకున్నాడట. వందేళ్లు దాటినా రూపం పెద్దగా మారలేదు. చేయి లేనివాడు తన కోసం చేసుకున్న వస్తువు కాబట్టి కాబోలు.

అది పనిచేసే తీరు తేలిక. ఒక పట్టీ వీపు మీదుగా ఎడమ చంక కిందికి వెళుతుంది. దానికి ఒక ఉక్కు తీగ. భుజాలు ముందుకు వంచితే తీగ లాగుతుంది, కొక్కెం తెరుచుకుంటుంది. భుజం సడలిస్తే రబ్బరు బ్యాండ్లు దాన్ని మూసేస్తాయి. ఎన్ని బ్యాండ్లు వేస్తే అంత గట్టి పట్టు. తీగ బిగుతు బట్టి ఎంత తెరుచుకుందో భుజానికి తెలుస్తుంది, అంటే స్పర్శ పూర్తిగా పోదు, కొంత భుజానికి చేరుతుంది. రెండు వేళ్లతో ఏం జరుగుతుందని అడిగాను. 1923 నాటి కార్మికుల పరిహార చట్టం పట్టికలో ఒక చేతి ఐదు వేళ్లూ పోతే 60 శాతం సంపాదనా శక్తి పోయినట్టు, బొటనవేలు ఒక్కటి పోతే 30 శాతం పోయినట్టు రాశారని ఆమె చెప్పింది. చేతిలో సగం విలువ బొటనవేలిది, ఎందుకంటే ఎదురుగా నిలబడి పట్టుకునేది అదే. కొక్కెం ఇచ్చేది ఆ ఎదురు నిలబడడాన్నే.

మూడు వారాలు నేర్పించారు. మొదటి రోజుల్లో ఒకే బ్యాండు. కాగితపు గ్లాసులో సగం నీళ్లు పోసి, నలగకుండా ఒక బల్ల మీది నుంచి ఇంకో బల్ల మీదికి పెట్టాలి. ఎన్ని గ్లాసులు నలిపానో, నా చీర ఎన్నిసార్లు తడిసిందో. తర్వాత పెన్సిళ్లు, తర్వాత తాళం చెవి, తర్వాత గుడ్డు. చివరి వారం పాపను తీసుకురమ్మన్నారు, దాని జుట్టు మీద నేర్చుకోమని. మూడు పాయల్లో ఒకటి కొక్కెం పట్టుకుంటుంది, మిగతా రెండూ ఎడమ చేయి తిప్పుకోవాలి. ఇంటికొచ్చాక మొదటి జడకు నలభై నిమిషాలు పట్టింది. బడి ఆటో వెళ్లిపోయింది. మధ్యాహ్నం భోజనం గంటకే జడ ఊడిపోయిందని సాయంత్రం పాప ఫిర్యాదు చేసింది. ఇప్పుడు ఆరు నిమిషాలు చాలు, అంత తేలిగ్గా ఊడదు కూడా.

చేయి బాగుచేసి పంపితే చాలదన్న సంగతి అదే వేలూరులో డెబ్బై ఏళ్లకు ముందే ఒక డాక్టరుకు తగిలింది. పాల్ బ్రాండ్ అనే ఆయన కుష్ఠువ్యాధితో ముడుచుకుపోయిన చేతులకు 1940ల చివరి నుంచి శస్త్రచికిత్సలు చేసేవారు. చేతులు తిన్నగా అయ్యాయి. కాని ఒక యువకుడు తిరిగొచ్చి, ఇవి అడుక్కోవడానికి పనికిరాని చేతులని వాపోయాడు. ముడుచుకున్న చేతులు చూస్తే భిక్ష వేసేవాళ్లు, ఇప్పుడు ఎవరూ వేయడం లేదు, పని ఇచ్చేవాళ్లూ లేరు. అది విన్న డాక్టరు చేయి సరిచేసి పంపడంతో ఆగకుండా 1950 ప్రాంతంలో ఆవరణలోనే ఒక కేంద్రం పెట్టి, ఆ చేతులతో బతకడానికి పనులు నేర్పించారు. మనకు గంటన్నర దూరంలో జరిగిన ముచ్చట ఇది.

నా కొక్కెం తీగ పద్నాలుగు నెలలకు తెగింది. వేలూరు వెళితే పొద్దుటి పాలు, సాయంత్రం పాలు రెండూ పోతాయి. చిత్తూరు బస్టాండు దగ్గర సైకిళ్లు, మోటారు సైకిళ్లు బాగుచేసే ఒకతను నా కొక్కెం అటూ ఇటూ తిప్పి చూసి, “అక్కా, ఇది సైకిల్ బ్రేకు తీగే కదా” అన్నాడు. నిజంగా అదే. పైన గొట్టం, లోపల జారే తీగ. పావుగంటలో మార్చాడు. చివర్లో సీసం చుక్క వేసి నున్నగా రుద్దాడు, చీరకు పట్టుకోకుండా. డబ్బులు తీసుకోనన్నాడు. బలవంతంగా నలభై రూపాయలు బల్ల మీద పెట్టి వచ్చాను. ఇప్పటికి మూడుసార్లు మార్చాడు. పట్టీలు చెప్పులు కుట్టే ముసలాయన కుడతాడు. రబ్బరు బ్యాండ్లు మాత్రం వేలూరు నుంచి తెప్పించుకుంటాను, మామూలువి రెండు రోజులు ఆగవు.

ఎందుకింత చెబుతున్నానంటే, మరమ్మతు అనగానే మీరు పెద్ద యంత్రశాల, కోట్ల ఖర్చు అనుకుంటారు. వంద చేతులు ఇచ్చే డబ్బు ఉంటే తొంభై ఇవ్వండి. మిగతా పదింటి డబ్బు తీగలకూ పట్టీలకూ నూలు తొడుగులకూ కేటాయించండి. ఆ సైకిల్ మెకానిక్ లాంటివాళ్లను ఇద్దరిని పిలిచి వారం రోజులు నేర్పించి, నెలకొక రోజు ఒకచోట కూర్చోబెట్టండి. తిరుపతిలో ఆసుపత్రులకేం కొదవ? తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే బర్డ్ ఉంది, స్విమ్స్‌లో ఫిజియోథెరపీ కళాశాల ఉంది. అడగవలసినవాళ్లు అడిగితే నెలకొక పూట చేతుల కోసం ఇవ్వకపోరు. అడగడానికి మాకు కుర్చీ లేదు, మీకు ఉంది. కొలతలు తీసేవాళ్లు 1992 చట్టం ప్రకారం ఏర్పడిన భారత పునరావాస మండలిలో నమోదైనవాళ్లేనా అని కూడా ముందే చూసుకోండి. టేపు పట్టుకున్న ప్రతివాడూ నిపుణుడు కాడు.

పిల్లల విషయం వేరుగా చెప్పాలి. ఆ శిబిరంలో నా వెనక ఒక తల్లి మూడేళ్ల పాపను ఎత్తుకుని నిలబడింది. పాపకు ఎడమచేయి పుట్టుకతోనే మోచేతి కింద లేదు. ఎనిమిదో నెలలో గ్రహణం పూట బయటికొచ్చి కూరగాయలు తరిగిందట, అందుకే ఇలా అయిందని అత్తగారు మూడేళ్లుగా దెప్పుతోందట. పిల్ల చేతులు కడుపులో రూపుకట్టేది నాలుగో వారం నుంచి ఎనిమిదో వారం లోపు. చాలామందికి నెల తప్పిందని తెలిసేలోగానే సగం పని అయిపోతుంది. ఎనిమిదో నెలలో కత్తిపీట ముందు కూర్చుంటే ఏర్పడిన చేయి కరిగిపోదు. ఈ రెండు ముక్కలు మైకులో ఎవరైనా చెప్పి ఉంటే ఆ తల్లి ఆ రోజు ఏమీ తీసుకోకుండా వెళ్లినా సంతోషంగా వెళ్లేది. మీవాళ్లు ఏం చేశారంటే, చిన్న కొలతలు లేవు కాబట్టి పెద్దవాళ్ల చేయి ఒకటి సంచిలో వేసి, పెద్దయ్యాక వాడుకోమ్మా అని ఇచ్చి పంపారు.

పిల్లలకు చేయి పెట్టాలంటే పాకే వయసులోనే తేలికైనది పెట్టి అలవాటు చేయాలి, ఎదిగే కొద్దీ ఏడాదికో రెండేళ్లకో సాకెట్ మార్చాలి. అది చేయగలిగితేనే మొదలుపెట్టండి. లేదంటే పిల్లను దాని మానాన వదిలేయండి. పుట్టుకతో లేనివాళ్లకు పోయినదంటూ ఏమీ లేదు, వాళ్లు వాళ్ల పద్ధతిలో అన్నీ చేసుకుంటారు. ఆ పాప ఇప్పుడు ఐదో తరగతి. మేమిద్దరం ఫోన్లో మాట్లాడుకుంటూ ఉంటాం, వాళ్లమ్మా నేనూ. దాని గోల చేయి కోసం కాదు, సైకిల్ కోసం. వాళ్ల నాన్న ప్లాస్టిక్ గొట్టం ముక్కను వేడిచేసి గిన్నెలా వంచి, లోపల స్పాంజి అంటించి ఎడమ హ్యాండిల్‌కు బిగించాడు. రెండు బ్రేకులూ కుడివైపు పెట్టించాడు. పాప మొండిని అందులో ఆనించి తొక్కుతుంది. అలాంటి గిన్నె ఒకటి చేసివ్వడం కూడా కృత్రిమ అవయవ సేవే. దానికి వేదిక మీద ఫొటో అంత బాగా రాదు, అంతే.

అందం కోసం చేయి కావాలనేవాళ్లను మాత్రం తీసిపారేయకండి. పని చేయని చేయి ఎందుకని నన్నే ఒక పెద్దమనిషి వాదనకు దిగాడు. కుడిచేయి పోవడమంటే మన దగ్గర పని పోవడం ఒక్కటే కాదు. డబ్బులిచ్చినా పసుపుకుంకుమలిచ్చినా ఎడమ చేత్తో ఇస్తున్నావేమని అంటారు. ఒకసారి గుడిలో తీర్థానికి ఎడమ చేయి చాచాను. ఉద్ధరిణి గాల్లోనే ఆగింది. పూజారి నా ముఖం చూసి, కొంగు చాటున ఉన్న మొండిని చూసి, తడబడి రెండుసార్లు పోశాడు. పెళ్లి భోజనాల్లో పక్క విస్తరి ముందు కూర్చున్నవాళ్లు నా ఎడమ చేతి ముద్దను చూసే చూపు నాకు తెలుసు. కాబట్టి మనసు కుదుటపడేలా కనిపించే తేలికపాటి చేయి ఎవరైనా అడిగితే ఇవ్వండి. కాని ఆడవాళ్లకు ఆడవాళ్ల కొలతలో, మన ఒంటి రంగులో ఇవ్వండి. దానికి గాజులు పట్టాలి. నాకూ ఉంది ఆ ఆశ, మా అమ్మాయి పెళ్లినాటికి.

లేని చేయి నొప్పి గురించి మీ నమోదు కాగితంలో గడి లేదు. పోయిన చేతి వేళ్లు గోళ్లు గుచ్చుకునేంత గట్టిగా బిగుసుకున్నట్టు రాత్రిళ్లు నొప్పి వచ్చేది. చెబితే పిచ్చి అన్నారు, గాలి సోకిందన్నారు. చేయి పోయినా మెదడులో దాని చోటు ఉంటుందని, అది పిచ్చి కాదని వేలూరులోనే విన్నాను. మెదడు మీద పరిశోధన చేసే వి.ఎస్. రామచంద్రన్ 1990లలో అద్దం ఉపాయం ఒకటి కనిపెట్టారు. అద్దం నిలువుగా పెట్టి ఉన్న చేతిని దాని ముందు ఉంచితే, లేని చేయి ఉన్నట్టు కంటికి కనబడుతుంది. ఉన్న చేతిని నెమ్మదిగా తెరిస్తే లేనిది కూడా తెరుచుకున్నట్టు అనిపిస్తుంది. అందరికీ పనిచేయదు, నాకు కొంత పనిచేసింది. బీరువా తలుపు సగం తెరిచి, దాని అద్దం పక్కన నిలబడి చేస్తాను. పైన సంచిలో మీ చేయి, కింద అద్దంలో నా చేయి.

మీరు వచ్చే సమయం కూడా చాలా ఆలస్యం. చేయి తీసేసిన నెల రోజుల లోపు కృత్రిమ చేయి అలవాటు చేస్తే వాడకం నిలుస్తుందని 1984లోనే డాక్టర్లు రాసిపెట్టారు. ఆ తర్వాత మిగిలిన చేయి అన్ని పనులూ తన నెత్తినేసుకుంటుంది, కొత్తదానికి చోటివ్వదు. నాకు నాలుగేళ్లకు అందింది. ప్రతి ఆసుపత్రిలో చేయి తీసేసినప్పుడు కుట్లు విప్పే రోజున, మొండికి కట్టు ఎలా కట్టుకోవాలి, తర్వాత ఎక్కడికి వెళ్లాలి అని ఒక చీటీ రోగి చేతిలో పెట్టించగలిగితే, అధికారులుగా మీరు చేయగలిగినవాటిలో అదే పెద్దది, అదే చవకైనది కూడా. ఆరువేల పింఛను ప్రతి నెలా వస్తోంది, మంచిదే, కాదనను. ఆ చీటీ ఆ రోజు ఉంటే నాకు ఆరేళ్లు కలిసొచ్చేవి.

ఇక నేను అడగదలచుకున్నది ఒక్కటే ఉంది. వచ్చే నెల శిబిరంలో ఎన్ని చేతులు పంచారో కరపత్రంలో వేయకండి. ఎవరెవరికి ఇచ్చారో ఫోను నంబర్లు రాసుకుని ఏడాది తర్వాత ఒక్కొక్కరికి ఫోను చేయండి. చేయి ఎక్కడుంది, చేతికా, బీరువా మీదా అని అడగండి. ఆ లెక్క వేయండి, ఎంత తక్కువ వచ్చినా సరే. ఫోన్లు చేయడానికి మనుషులు లేరంటే మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా నాకు పాలు ఉండవు, నేను చేస్తాను.

శిబిరానికి నేను వస్తున్నాను. చేయి కోసం కాదు. కొలతలు తీసే బల్ల పక్కన ఒక కుర్చీ వేయించండి చాలు. టేపు పట్టుకున్న అబ్బాయి కొలత రాసుకునేలోపు, వచ్చినవాళ్లను ఏం పని చేస్తారని నేను అడుగుతాను. కొక్కెం చూసి ఏడ్చేవాళ్లుంటే వాళ్లతో మాట్లాడతాను. మేకుల పీట కూడా తెస్తాను చూపించడానికి. బీరువా మీది సంచి కూడా తెస్తున్నాను. పెద్ద కొలత, తెల్ల రంగు, పదహారు రోజులు వాడింది. ఎవరైనా మగమనిషికి సరిపోతే ఇచ్చేయండి, వాళ్లకు ఏం పనికొస్తుందో అడిగాకే.

పొద్దుటి పాలు మా మరిది చూసుకుంటాడు. చిత్తూరులో ఆరున్నర బస్సు ఎక్కితే తొమ్మిదిలోపే మండపం దగ్గర ఉంటాను.

ఇట్లు,
చిత్తూరు జిల్లా నుంచి, పాల కేంద్రంలో లెక్కలు రాసే ఒక ఎడమచేతి మనిషి